ట్రక్ షీటులో రెండు మాటలు: సోర్, కర్డ్

శీతలీకరణ కేంద్రం నుంచి మన సంఘాలకు తిరిగి వచ్చే ట్రక్ షీటులో ఇంగ్లీషు మాటలు ఎక్కువేమీ ఉండవు. లీటర్లు, ఫ్యాట్, ఎస్.ఎన్.ఎఫ్. అనే గడుల పక్కన పాల తీరు చెప్పే మూడు చిన్న మాటలు కనబడతాయి. గుడ్, సోర్, కర్డ్. గుడ్ గురించి ఎవరికీ పేచీ లేదు. మిగిలిన రెండింటినీ మాత్రం మన సభ్యులలో చాలామంది ఒకే మాట కింద చదువుతారు. "పాలు పోయినయి" అని తేల్చేసి, సెక్రటరీనో, టెస్టర్‌నో, వ్యాను డ్రైవరునో తిట్టి ఇంటికి పోతారు. నిజానికి ఈ రెండు మాటలకూ అర్థం వేరు. కారణాలు కూడా చాలాసార్లు వేరు. చేతికి వచ్చే డబ్బు వేరు. ఎవరిని నిలదీయాలి అన్నది కూడా ఈ రెండిటిలో ఏ మాట రాశారన్న దానిమీదనే ఆధారపడి ఉంటుంది గనుక, ఈ నెల పాఠం వీటి మీదనే.

కొన్నేళ్ల క్రిందట కిన్నెరసాని అడవికి దగ్గరలో ఉన్న ఒక పల్లె సంఘంలో జరిగిన సంగతితో మొదలు పెడతాను. మే నెల. సాయంత్రం పాలు ఆరున్నరకల్లా పోసేశారు. ఏడున్నరకు రావలసిన వ్యాను పది దాటాక వచ్చింది. మర్నాడు షీటు వస్తే ఆరు క్యాన్లలో మూడు సోర్, ఒకటి కర్డ్, రెండే గుడ్. సెక్రటరీ పైకి చదివి వినిపించాడు. అక్కడ కూర్చున్న ఒక పెద్దావిడ లేచి ఇలా అడిగింది:

"ఏమయ్యా సెక్రటరీ, మా పాలు పెరుగైనయని రాసిండ్రంట గదా. పెరుగుకు పాలకన్నా ధర ఎక్కువే గాని తక్కువ గాదు. ఆ పెరుగన్నా తెప్పియ్యి, లేకుంటే పెరుగు లెక్కన పైసలన్నా ఇప్పియ్యి."

అందరూ నవ్వారు. సెక్రటరీ కూడా, "అది ఆ పెరుగు కాదు పెద్దమ్మా" అని నవ్వి ఊరుకున్నాడు. ఆమె నవ్వలేదు. ఆమె అడిగిన దానిలో తప్పు కూడా లేదు. మనవడు బడిలో చదివిన ఇంగ్లీషులో కర్డ్ అంటే పెరుగే. భద్రాచలంలో గాని కొత్తగూడెంలో గాని కొట్లో కొనే పెరుగు ప్యాకెట్టు మీద ఉండేది కర్డ్ అన్న మాటే. అదే మాట ట్రక్ షీటులోకి వచ్చేసరికి అర్థం మారిపోయి ధర పడిపోతే, ఆమెకు ఎవరు చెప్పారు గనుక?

కాబట్టి ముందు ఆ చిక్కు విప్పుదాం. ఇంగ్లీషువారి దేశంలో కర్డ్ అంటే మనం తినే పెరుగు కాదు. పాలు విరిగినప్పుడు నీరు ఒక పక్కకూ గట్టి భాగం ఒక పక్కకూ విడిపోతాయి కదా, ఆ గట్టి భాగం పేరు కర్డ్. దానితోనే వారు చీజ్ చేసుకుంటారు. మిగిలిన తేటకు వే అని వేరే పేరు. మనం తోడు వేసి చేసుకునే పెరుగును వారు యోగర్ట్ అంటారు, అది తురకీ భాష నుంచి తెచ్చుకున్న మాట. మన దేశానికి వచ్చిన ఇంగ్లీషు మాత్రం ఇక్కడి పెరుగుకు కర్డ్ అనే పేరునే అంటగట్టింది. ఇప్పుడు మన దగ్గర ఆ మాట రెండు పనులు చేస్తోంది. కొట్లో పెరుగు, డెయిరీలో విరిగిన పాలు.

ఈ ఒక్క మాట మీద దేశమంతటా తగవు కూడా నడిచింది. 2023 మార్చిలో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, పెరుగు ప్యాకెట్ల మీద కర్డ్ అన్న మాట తీసేసి దహీ అని రాయాలని, ప్రాంతీయ భాషలోని పేరు కావాలంటే దాని పక్కన రాసుకోవచ్చునని ఆదేశమిచ్చింది. తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ నిరసన లేచింది. ఆ నెల 30వ తేదీన సంస్థ మాట మార్చుకుని, కర్డ్ అనే రాసి దాని పక్కన దహీ, మొసరు, తయిరు, పెరుగు అని ఏ ప్రాంతం పేరు ఆ ప్రాంతంలో రాసుకోవచ్చునని చెప్పింది. పెద్ద కచేరీలకే కొరుకుడు పడని మాట మన పెద్దావిడకు కొరుకుడు పడలేదంటే ఆశ్చర్యమేముంది?

ఇక అసలు అర్థాలు. సోర్ అంటే పులుపెక్కిన పాలు. కర్డ్ అంటే విరిగిన పాలు. మొదటిది గుణం, రెండోది రూపం. సోర్ అయిన పాలు చూడడానికి పాలలాగే ఉంటాయి, తెల్లగా, పల్చగా, క్యాను వంచితే జారుతూ. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం తేడా తెలుస్తుంది. కర్డ్ అయిన పాలకు ముక్కుతో పని లేదు. మూత తీయగానే పలుకులు, గడ్డలు, పైన తేట కంటికి కనబడతాయి.

మన ఆడవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు, ఇంగ్లీషు పేర్లే తెలియవు. పొయ్యి మీద పెట్టాక విరిగేవి సోర్. చెంబులో ఉండగానే విరిగేవి కర్డ్. ఇంతకన్నా తేలిక గుర్తు నాకు తెలియదు. ఖమ్మం వైపు కొన్ని ఊళ్లలో పాలు పలిగినయి అంటారు, గోదావరి ఒడ్డు ఊళ్లలో పాలు విరిగాయి అంటారు. భద్రాచలం తాలూకా పూర్వం గోదావరి జిల్లాలో ఉండి 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది గనుక ఈ రెండు తీరుల మాటలూ మన దగ్గర పక్కపక్కనే వినబడతాయి. ఎలా అన్నా అవి కర్డ్ గురించిన మాటలే. సోర్‌కు సరిపోయే మాట పాలు పులిసినయి అన్నది. మన వాళ్లు దానిని పిండికీ మజ్జిగకూ వాడినంత తరచుగా పాలకు వాడరు. చిక్కంతా అక్కడే వచ్చింది. విరగని పాలను పోయిన పాలని ఎవరైనా అంటే నమ్మబుద్ధి కాదు. "నేను పోసినప్పుడు బాగనే ఉన్నయి" అంటారు. చూడడానికి బాగున్నాయన్నది నిజమే కావచ్చు. పులుపు అప్పటికే మొదలై ఉండవచ్చునన్నది కూడా నిజమే.

పులుపు ఎక్కడి నుంచి వస్తుంది?

పాలలో వందకు సుమారు 5 పాళ్లు చక్కెర ఉంటుంది. దాని పేరు ల్యాక్టోజ్. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని ఆమ్లంగా మారుస్తాయి. పులిసిన పాల నుంచి ఆ ఆమ్లాన్ని వేరు చేసి చూపినవాడు షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు, 1780లో. దానిని తయారుచేసేది సూక్ష్మజీవులేనని చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు పాశ్చర్, 1857లో. మన ఇళ్లలో తోడు వేసే ప్రతి ఇల్లాలూ ఆ సూక్ష్మజీవులను చెంచాతో కొలిచి వేస్తున్నదే. చెంచాడు తోడు తెల్లారేసరికి కుండెడు పాలను మార్చేస్తుందని తెలిసిన మనం, సరిగా కడగని క్యాను అంచు మడతలో మిగిలిన నిన్నటి పాలు కూడా తోడేనని మరచిపోతున్నాం.

ఇప్పుడు కొంచెం లెక్క. అప్పుడే పితికిన పాలను పరీక్షిస్తే ఆమ్లత సుమారు 0.13 నుంచి 0.16 శాతం చూపుతుంది. ఇది పులుపు కాదు. పాలలో సహజంగా ఉండే మాంసకృత్తులు, లవణాలు అలా కనబడతాయి. సూక్ష్మజీవులు పని మొదలుపెట్టాక ఆ అంకె పైకి పోతుంది. 0.20 దాటేసరికి పాలు వేడికి తట్టుకోలేని స్థితికి చేరుతూ ఉంటాయి. కాచితే విరుగుతాయి. ఇదే సోర్. ఇంకా వదిలేస్తే 0.5, 0.6 శాతం దగ్గరకు వచ్చేసరికి నిప్పు అవసరం లేకుండానే గడ్డకడతాయి. అది కర్డ్. అనగా ఒకే దారిలో సోర్ ముందర వచ్చే మజిలీ, కర్డ్ తర్వాతి మజిలీ. మొదటి మజిలీలో ఉండగా ఆపితే రెండోది రాదు. కాని మొదటి మజిలీ నుంచి వెనక్కి నడిపించే మార్గం లేదు. చల్లబరిస్తే పులుపు పెరగడం ఆగుతుందే గాని వచ్చిన పులుపు పోదు.

వేగం ఎంత? వెచ్చని పాలలో ఈ సూక్ష్మజీవులు అరగంటకొకసారి రెట్టింపవుతాయనుకోండి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అయిదు గంటలు గడిచేసరికి ఒకటి 1,024 అవుతుంది. మన వైపు ఎండాకాలంలో పగటి వేడి 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, సాయంత్రం కూడా క్యాను ఒళ్లు చల్లారదు. అదే పాలను 4 డిగ్రీలకు చల్లబరిస్తే ఈ పెరుగుదల దాదాపు నిలిచిపోతుంది. పల్లెల్లో బల్క్ కూలర్లు పెట్టింది ఇందుకే. కూలర్ లేని అడవి అంచు ఊరికి మాత్రం పాలు పితికిన క్షణం నుంచి కేంద్రం చేరే క్షణం దాకా నడిచే గడియారమే దిక్కు. ములకలపల్లి, దమ్మపేట వైపు గాని, గోదావరి అవతల దుమ్ముగూడెం, చర్ల వైపు గాని ఊరికీ ఊరికీ నడుమ అడవి ఎంత ఉందో మనకు తెలిసినదే. వానాకాలంలో వాగులు, వరదలు మరో తంటా. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు లేచినప్పుడు దారులే మునిగిపోయాయి, ఇక పాల మాట చెప్పేదేముంది?

సోర్ కాకుండా కర్డ్

పైన చెప్పిన దారి ఒక్కటే అయితే ఈ పాఠం ఇంతటితో సరిపోయేది. కాని పులుపు లేకుండా కూడా పాలు విరుగుతాయి. సభ్యులు తప్పక తెలుసుకోవలసినది ఇదే. దీనిని ఎరగక కొన్ని సంఘాలలో తప్పు మనిషి మీద తప్పు పడుతుంది.

జున్నుపాలు సంగతి చూడండి. ఈనిన మొదటి రోజుల పాలలో వేడికి గడ్డకట్టే మాంసకృత్తులు చాలా ఎక్కువ. అందుకే ఆవిరి మీద పెడితే జున్ను తయారవుతుంది. ఆ పాలు పులిసినవా? కావు. కాని ఆ పాలు ఒక ఇంటినుంచి క్యానులో కలిస్తే, కాచి చూసే పరీక్షలో పలుకులు కనబడవచ్చు. పరీక్ష చేసినవాడు సోర్ అని రాస్తాడు. అక్కడ సంఘం క్యాను కడగలేదని పోట్లాడుకుంటుంది, అసలు కారణం ఈనిన మూడో రోజున పాలు పోసిన ఇల్లు. ఈనిన తర్వాత కనీసం అయిదు రోజులు ఆ పాలు సంఘానికి తేవద్దు. ముందు వాటి మీద హక్కు దూడది.

పొదుగువాపు వచ్చిన గేదె పాలలోనూ పలుకులు ఉంటాయి. అవి పితికిన చెంబులోనే ఉంటాయి, కాలంతో పని లేదు. ఆ పాలు పులుపు చూపకపోగా కొన్నిసార్లు దానికి విరుద్ధంగా క్షార గుణం వైపు మొగ్గుతాయి. మొదటి రెండు మూడు ధారలను నల్లగుడ్డ కట్టిన గిన్నెలోకి పితికి చూస్తే పలుకులు ఇంట్లోనే దొరికిపోతాయి. అటువంటి పాలు క్యానులో పోయకూడదు. మందు వేస్తున్న రోజుల పాలు, పశువైద్యుడు చెప్పిన గడువు తీరేదాకా అసలే పోయకూడదు.

దూడ తాగిన పాలను కక్కినప్పుడు గడ్డలుగా రావడం మీరు చూసే ఉంటారు. దూడ కడుపులోని ఒక రసం పాలను విరగ్గొడుతుంది. చీజ్ చేసేవారు వాడేది ఆ రసమే. దానితో విరగడానికి పాలు పులియనక్కరలేదు.

అందుచేత షీటులో సోర్ అని ఉంటే మీరు అడగవలసిన ప్రశ్న ఎంతసేపు, ఎంత వేడి, ఎంత శుభ్రం అన్నది. కర్డ్ అని ఉంటే మరొక ప్రశ్న ముందు అడగాలి. అవి పులిసి విరిగినవా, పులియకుండా విరిగినవా? వాసన చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. అనుమానముంటే కేంద్రంలో ఆమ్లత పరీక్ష చేయించి అంకె రాయించుకోవాలి. మాట మీద వాదించవచ్చు గాని అంకె మీద వాదన తక్కువ.

డబ్బు సంగతి

రెండు రకాల పాలకూ ధర తగ్గుతుంది, ఒకేలా తగ్గదు. దీనికి కక్ష కారణం కాదు, యంత్రం కారణం. సోర్ పాలను పాశ్చరైజరులోకి పంపితే వేడికి పలకల మీద గడ్డకడతాయి, కాబట్టి మంచి పాలలో కలపరు. అయినా విడిగా మీగడ తీసి నెయ్యి చేసుకునే వీలు కొంతవరకు ఉంటుంది. కర్డ్ అయిన పాలు మీగడ తీసే సెపరేటరులోనే అడ్డుపడతాయి. అందువల్ల వెన్న ఉన్నా చేతికి రాదు. సోర్‌కు ఎంత, కర్డ్‌కు ఎంత అన్నది మీ సంఘానికి వచ్చిన సర్క్యులర్‌లో ఉంటుంది. అది బీరువాలో కాక గోడ మీద ఉండాలి.

ఉదాహరణకు 40 లీటర్ల క్యాన్లు నాలుగు, లీటరు 50 రూపాయలు అనుకుందాం. పాలు గుడ్ అయితే 8,000 రూపాయలు. సోర్ అని సగం ధర కట్టారనుకుంటే నష్టం 4,000. ఇప్పుడు ఆ 4,000 ఎవరు మోయాలి? కొన్ని సంఘాలు ఆ పూట పాలు పోసిన అందరి మీదా లీటరు లెక్కన పంచుతాయి. కొన్ని సంఘాలలో చివరన పోసినవారి మీదనో, నోరు లేనివారి మీదనో పడుతుంది. నా ఉద్దేశంలో రెండో పద్ధతి అన్యాయం, మొదటిది సోమరితనం. వ్యాను ఆలస్యం వల్ల అన్ని క్యాన్లూ పులిస్తే అందరికీ పంచడంలో అర్థముంది, అప్పుడు కూడా ముందు అడగవలసినది వ్యాను కాంట్రాక్టు షరతులను. ఆరింటిలో ఒక్క క్యానే పులిస్తే అందరికీ పంచడంలో అర్థం లేదు. ఆ క్యానులోనే ఏదో ఉంది, కడగని మడతో, ఉదయం మిగిలిన పాలో. పాలు ఒలకకుండా మూత కింద కుక్కిన మోదుగాకు, గడ్డి చుట్ట కూడా తోడు వేసినంత పని చేస్తాయి.

ఈ తేడా పట్టుకోవాలంటే రెండు సంగతులు కాగితం మీద ఉండాలి. వ్యాను మన ఊరికి వచ్చిన వేళ, కేంద్రం చేరిన వేళ ట్రక్ షీటు మీదనే రాయించి డ్రైవరు సంతకం పెట్టించుకోవాలి. ఎవరి పాలు ఏ నెంబరు క్యానులో పడ్డాయో సంఘం రిజిస్టరులో రాయాలి. పెన్ను ఖర్చు తప్ప మరో ఖర్చు లేదు. పాలు తీసుకునేటప్పుడు అనుమానం వస్తే గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల పాలు పోసి, మరిగే నీటిలో 5 నిమిషాలు ఉంచి, వంచి చూడండి. గొట్టం గోడకు పలుకులు అంటితే ఆ పాలు వేరే పెట్టండి. పోసిన మనిషి ముందరే చేయండి, అతని వీపు వెనక కాదు.

సోడా మాట

ఇంకొక మాట చెప్పక తప్పదు. పులుపు తెలియకుండా చిటికెడు వంటసోడా వేయడం కొందరికి తెలిసిన విద్యే. సోడా పులుపును అణచి, ఆమ్లత అంకెను కిందికి తెస్తుంది. సూక్ష్మజీవిని చంపదు. పులుపు అడ్డు తొలగిపోయినందున అవి ఇంకా తీరుబడిగా పెరుగుతాయి. ఆహార భద్రతా చట్టం ప్రకారం పాలలో సోడా కలపడం నేరం. రోసాలిక్ ఆమ్లం చుక్కలు వేస్తే మంచి పాలు గోధుమరంగులో ఉంటాయి, సోడా కలిసినవి గులాబి ఎరుపుకు తిరుగుతాయి. అప్పుడు షీటులో రాసేది సోర్ కాదు, కర్డ్ కాదు, కల్తీ. సోర్ అంటే ఒక పూట పాల నష్టం. కల్తీ అంటే సంఘం పేరు పోయినట్లే.

మొదట చెప్పిన సంఘంలో ఆ రోజు ఏం తేలిందని మీరు అడగవచ్చు. కర్డ్ అని రాసిన ఒక్క క్యాను గురించి కమిటీవారు కూర్చుని విచారించారు. మిగిలిన మూడూ వ్యాను ఆలస్యం వల్ల పులిసినవేనని ఒప్పుకున్నారు. ఆ ఒక్కటి అదే సమయంలో అంత ముందుకు ఎందుకు పోయిందో తెలియాలంటే అందులో ఎవరెవరి పాలు ఉన్నాయో తెలియాలి. రిజిస్టరులో లీటర్లు ఉన్నాయి, ఫ్యాట్ ఉంది, క్యాను నెంబరు లేదు. చేసేదిలేక నష్టాన్ని అందరికీ పంచారు. పెద్దావిడ తన వాటా కోత ఒప్పుకుని వేలిముద్ర వేసింది. మర్నాడు సాయంత్రం పాలు పోశాక గిన్నె పట్టుకుని అక్కడే నిలబడింది. "నా పాలు ఎన్నో నెంబరుల పోసినవో నా పేరు కాడ రాయి బిడ్డా, రాసినంక పోత" అంది. సెక్రటరీ స్కేలు తెచ్చి రిజిస్టరులో కొత్త గడి ఒకటి గీశాడు.